బొట్టు పెట్టిన చక్రం

తమిళదేశంలోని రాజపాళయంలో మన తెలుగు రాజులంటే తెల్లని పంచె, తెల్లని చొక్కా, భుజాన తెల్లని తుండుగుడ్డ. ఈ మూడూ లేకుండా వీధిలోకి వచ్చిన రాజు ఆ కాలంలో ఒక్కడే, విజయరాఘవ రాజా. ఆయన ఖాకీ నిక్కరు వేసేవాడు. చేతిలో మోచేతి పొడవు స్పానరు ఉండేది. పెళ్ళికైనా చావుకైనా చావడిలో పంచాయతీకైనా ఆ స్పానరు వెంట రావలసిందే. దానితో వీపు గోక్కునేవాడు, వీధికుక్కల్ని అదిలించేవాడు, మాటకు అడ్డం వచ్చినవాడి ముక్కు ముందు ఆడించేవాడు. అప్పుడప్పుడు మరలు కూడా బిగించేవాడు. ఎదురుగా అందరూ ఇంజనీరుగారూ అనేవాళ్ళు. వీపు తిరిగితే స్పానరు మామ.

ఇంజనీరు చదువు ఆయన మదురైలో చదివాడు. కాలేజీలో అనుకునేరు! అక్కడ ఒక పెద్ద మిల్లు పక్కన దూరపు చుట్టం ఇల్లుంది. ఆ ఇంట్లో తింటూ, మిల్లు కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ కొన్ని నెలలు గడిపాడు. వచ్చేటప్పుడు ఆ స్పానరు తెచ్చుకున్నాడు. ఇంకేం కావాలి? గుడ్డికన్నా మెల్ల మేలు కదా. పంగాళీలు, అంటే ఒకే తాత వంశంలో పుట్టిన దాయాదులు, కలిసి పత్తిగింజ తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీ పెట్టుకున్నప్పుడు దాన్ని ఈయన చేతిలో పెట్టారు.

నిజం చెప్పాలంటే ఆ ఫ్యాక్టరీ చాలా సులువైన వస్తువు. ఒక మూల క్రూడాయిలుతో నడిచే ఇంజను. ఇంజను తిరిగితే, కప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరి దాకా పొడుగ్గా పడుకున్న ఒక ఇనుప కమ్మీ తిరుగుతుంది. దాన్ని షాఫ్టు అంటారు. షాఫ్టుకు చక్రాలు. చక్రానికి తోలు బెల్టు. బెల్టు కిందికి దిగి జిన్ను మరను తిప్పుతుంది. మర దూదిని ఒక పక్కకు, గింజను ఒక పక్కకు వేస్తుంది. అంతే. ఎవరికి చెప్పినా అర్థమవుతుంది. విజయరాఘవ రాజాకు గిట్టనిది సరిగ్గా అదే. అందరికీ అర్థమయ్యేదానికి ఇంజనీరు ఎందుకు?

ఆయన అదృష్టం, ఫ్యాక్టరీ పెట్టిన మరుసటి ఏడే పంగాళీల్లో పెద్దవాడు వెంకటరామ రాజాకు ఒక కోరిక పుట్టింది. ఫ్యాక్టరీ గోడ పక్కనే ఆయన కొబ్బరితోపు. "ఇంజను సుమ్మా తిరుగుతా ఉంది కదరా రాఘవా, నా బావినీళ్ళు కూడా కొంచెం తోడి పెట్టకూడదా?" అన్నాడు. సుమ్మా అంటే ఊరికే. షాఫ్టు చివర ఊరికే ఒక చక్రం ఎక్కింది. ఆయుధపూజ నాడు దానికి పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు.

అక్కడ పడింది ముడి. రెండో పంగాళి వచ్చి చావడిలో అందరి ముందూ అడిగాడు. "పెద్దన్నకు చక్రం ఉంది, నాకు లేదా? నేనేమి పక్కింటోణ్ణా?" న్యాయమే. ఆయనకు వడ్లు దంచే మరకు ఒక చక్రం. మూడో ఆయన మేడ కట్టుకుంటున్నాడు, సున్నం గానుగకు ఒక చక్రం. నాలుగో ఆయనకు దంచేదీ లేదు, తిప్పేదీ లేదు. అయితే మాత్రం పంగు, అంటే తన వాటా, వదులుకుంటాడా? చనిపోయిన తండ్రి పేరు రంగుతో రాయించి ఒక చక్రం ఎక్కించాడు. అది దేన్నీ తిప్పదు, తనే తిరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద బొట్టు దానికే.

ఇక బొట్టు పెట్టిన చక్రాన్ని దించడమా? శివశివా! బొట్టు చెరపడమంటే ఏమిటో ఆ వీధిలో ఆడ మగ అందరికీ తెలుసు. ఎవరి పేరున చక్రం ఎక్కిందో ఆ మనిషికి, ఆ మనిషి పెళ్ళానికి కీడు. కొన్నేళ్ళకు కొబ్బరితోపు అమ్ముడుపోయింది. మేడ గృహప్రవేశం కూడా అయిపోయింది. తోపు పోయినా తోపు చక్రం తిరిగింది, మేడ లేచినా సున్నం చక్రం తిరిగింది. ప్రతి ఆయుధపూజకూ వాటికి కొత్త బొట్లు పడ్డాయి.

బరువుకు షాఫ్టు చివర వంగింది. విజయరాఘవ రాజా సంతోషం చూడాలి ఆ రోజు! వంగినచోట కింద ఒక స్తంభం నాటి ఆసరా పెట్టాడు. ఆసరా దగ్గర ఇనుము రాసుకుని వేడెక్కింది. దాని మీద చుక్కచుక్కగా నీళ్ళు పడేలా కుండ కట్టాడు. నీళ్ళు చింది పక్క బెల్టు జారింది. జారకుండా బెల్టుకు గుగ్గిలం పూశాడు. గుగ్గిలం జిగటకు గాలిలో ఎగిరే దూది నుసంతా వచ్చి అంటుకుంది. నుసిని ఊదడానికి ఒక ఫ్యాను పెట్టాడు. ఫ్యాను తిరగాలంటే షాఫ్టు మీద ఇంకో చక్రం కావాలి. ఎక్కించాడు. షాఫ్టు ఇంకొంచెం వంగింది. గోచిగుడ్డ కోసం పిల్లిని, పిల్లి కోసం ఆవును తెచ్చుకుని సంసారి అయిన సన్యాసికైనా ఒకనాడు బుద్ధి వచ్చి ఉంటుంది. ఈయనకు గర్వం వచ్చింది.

అన్నిటికన్నా వింత ఫ్యాను బెల్టు. అది వదులయ్యేది. బిగువుగా ఉంచడానికి ఒక పలక అమర్చి దాని మీద ముత్తుసామిని కూర్చోబెట్టాడు. సత్రపట్టి నుంచి పనికి వచ్చిన మంచి కండపుష్టి గల రైతుబిడ్డ ముత్తుసామి. వాడి ఉద్యోగం కూర్చోవడం. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేస్తాడు. వాడు లేస్తే ఫ్యాను ఆగుతుంది, ఫ్యాను ఆగితే నుసి పేరుకుంటుంది, నుసి పేరుకుంటే బెల్టు తెగుతుంది. ఒకసారి వాడికి చలిజ్వరం వచ్చి చిక్కిపోతే ఫ్యాక్టరీ అంతా కుంటింది. అప్పటినుంచి ఇంజనీరుగారే దగ్గర కూర్చుని వాడికి నెయ్యి వేసి అన్నం పెట్టించేవాడు.

పొద్దున ఇంజను నడపడం ఇక మామూలు మనుషుల వల్ల కాని పని అయిపోయింది. ముందు కుండ నింపాలి. తరవాత సున్నం చక్రం బెల్టు పక్కకు తొయ్యాలి. ఆసరాకు ఆముదం పొయ్యాలి. ముత్తుసామి సగం బరువు మాత్రమే వేసి కూర్చోవాలి. ఇంజను దగ్గినప్పుడు తండ్రి చక్రాన్ని కొయ్యసుత్తితో కొట్టాలి. మూడోసారి దగ్గినప్పుడు ముత్తుసామి పూర్తిగా కూర్చోవాలి. ఈ వరస విజయరాఘవ రాజాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన చెప్పడు. అడిగితే నవ్వుతాడు. "ఇది చెప్తే వచ్చేది కాదప్పా. చెయ్యికి వాటంగా రావాలి" అనేవాడు.

ఇంట్లోనూ ఇదే వైద్యం. బావి గిలకకు ఇంకో గిలక, దానికి ఒక రాయి బరువు, రాయికి ఒక గొలుసు కట్టాడు. ఆయన భార్య కమలం అంతకుముందు ఒంటిచేత్తో నీళ్ళు తోడేది. గొలుసు వచ్చాక ఇద్దరు కావలసి వచ్చింది. ఆమె నోరెత్తలేదు. ఆయన వీపు తిరగగానే పెరటిగోడ వెనక దాచిన పాత చేద, పాత తాడు తీసుకుని తోడుకునేది. ఆయన ఎదుట మాత్రం గొలుసు లాగి, "ఎంత సుఖంగా ఉందండి" అనేది.

మనిషి చెడ్డవాడా అంటే కాదు. ఎవరికీ కీడు తలపెట్టినవాడు కాదు. ఒక్కటే జబ్బు, తను లేకుంటే ఏదీ నడవకూడదు. ఆ జబ్బు వల్ల ఒక్కగానొక్క కూతురు అమ్మణి పెళ్ళిలో పరువు పోయింది. కన్యాదానం వేళకు ఫ్యాక్టరీ నుంచి పిలుపు వస్తే, "ఇదో, ఇప్పుడే వస్తాను" అని పరుగెత్తాడు. ముహూర్తం జారిపోతుంటే మళ్ళీ పరుగెత్తుకొచ్చి, కడుక్కోని చేతుల్తో అల్లుడి కాళ్ళు కడిగాడు. పట్టుపంచె అంచు మీద నల్లని జిడ్డు వేళ్ళు అయిదూ అచ్చు పడ్డాయి. సేత్తూరులో అత్తవారింట అమ్మణి ఆ పంచెను ఎన్ని సార్లు ఉతికినా ఆ మరక పోలేదు. ఎవరు ఆ పంచె చూసినా, "ఇది మీ నాయన పెట్టిన సీరు కదా" అనేవాళ్ళు. పుట్టింటి కానుక అని ఎగతాళి.

యుద్ధం వచ్చి క్రూడాయిలుకు పర్మిట్లు పెట్టిన కాలంలో అమ్మణికి కడుపు పండింది. వళైకాప్పు పెట్టుకున్నారు. చేతులనిండా గాజులు తొడిగి, ఆ తరవాత పుట్టింటివాళ్ళు పురిటికి పిలుచుకుపోయే వేడుక అది. కమలం తమ్ముడు సుదర్శన రాజా సేత్తూరుకు పోయి, తిరిగి వచ్చి అమ్మణి చెప్పిన మాట ఉన్నదున్నట్టు బావ ముందు పెట్టాడు.

"బావా, పిల్ల గట్టిగా చెప్పింది. నాయన తానే వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకుపోతేనే వస్తాను, లేకుంటే ఇక్కడే కంటాను, సేనె మా మామగారే పెడతారు, అని చెప్పింది."

ఆ మాటతో విజయరాఘవ రాజా చేతిలో స్పానరు కిందికి దిగింది. సేనె అంటే, బిడ్డ పుట్టగానే తల్లిపాలకన్నా ముందు పెద్దవాళ్ళొకరు నాలుక మీద రాసే చక్కెరనీళ్ళు. ఎవరు రాస్తే వాళ్ళ గుణమే బిడ్డకు వస్తుందని ఆ ఊరి నమ్మకం. అందుకని సేనె కోసం ఇళ్ళల్లో పెద్ద పోటీలే నడిచేవి. విజయరాఘవ రాజాకు కొడుకులు లేరు. ఆ షాఫ్టు వరస తన తరవాత ఎవరికి వస్తుంది? మనవడికి రావాలి. తన వేలితో రాసిన చుక్క వాడి నాలుక మీద పడాలి. పెళ్ళయిన నాటినుంచి ఆయన పెట్టుకున్న ఆశ అదొక్కటే.

"పోతాను. కండిప్పా పోతాను" అన్నాడు. తప్పకుండా అని. అని, తల పట్టుకున్నాడు. ఫ్యాక్టరీని ఎవరికి అప్పగించాలి?

దొరికింది సుదర్శన రాజా. పేకాటకు తప్ప దేనికీ పొద్దున లేవని మనిషి. పని అంటే పాము. విజయరాఘవ రాజా కావాలనే అతణ్ణి ఎంచాడని ఊరంతా అనుకుంది. ఎంచే ఉంటాడు. బామ్మరిది వల్ల ఇంజను నడవదు, మధ్యాహ్నానికి సేత్తూరుకు సైకిలు వస్తుంది, వియ్యంకుల పందిట్లో అందరి ముందూ "ఇంజనీరుగారూ, మీరు రాకుంటే కాదంట" అని పిలుపు వస్తుంది. అప్పటికి కూతురి చెయ్యి పట్టుకుని ఉంటాడు కాబట్టి సేనెకూ లోటు లేదు. రెండు పిట్టలు. బండి ఎక్కేముందు వరసంతా గబగబా ఒక్కసారి అప్పజెప్పాడు. సుదర్శన రాజా తల ఊపుతూ ఆవలించాడు.

సేత్తూరు పందిట్లో ఆయన కూర్చున్న తీరు ముళ్ళమీద కూర్చున్నట్టుంది. గాజుల గలగలలు, ఆడవాళ్ళ పాటలు, ఏడు రకాల చిత్రాన్నాలు, ఒక్కటీ ఆయన చెవికీ నోటికీ పట్టలేదు. చెవులు రెండూ రాజపాళయం రోడ్డు మీద ఉన్నాయి. ఒక సైకిలు గంట వినబడింది. లేచి నిలబడి, భుజం దులుపుకుని, "చెప్పినానా? నేను లేకుంటే కాదని" అన్నాడు. సైకిలు మీద వచ్చినవాడు తమలపాకుల కట్ట దించి పోయాడు.

అమ్మణి అత్తగారు పంకజం విస్తరి ముందు నిలబడి అడిగింది. "ఏమి సంబంధీ, పాయసం అట్లే ఉందే?"

"మిల్లులో నేను లేనమ్మా. ఏమవుతా ఉందో."

"అవును, ఇక్కడ ఉన్నారు కదా. అక్కడ ఎట్లుంటారు? తాగండి, చల్లారిపోతుంది."

సాయంత్రమైంది. రాహుకాలమని ఒకటి, వర్జ్యమని ఒకటి చెప్పి ప్రయాణం మరునాటికి మార్చారు. ఎవరూ రాలేదు. సైకిలు రాలేదు, బండి రాలేదు, కాలినడకన కూడా ఒక్క పిలుపు రాలేదు. బహుశా ఇంజను పగిలి అందరూ చచ్చిపోయి ఉంటారని, చెప్పడానికి కూడా మనిషి మిగల్లేదని ఆయన తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు.

పొద్దున్నే అమ్మణి చెయ్యి పట్టుకుని బండి ఎక్కించాడు. పిల్ల ముఖం వెలిగిపోయింది. దారంతా ఆ చెయ్యి వదల్లేదు. "నువ్వు వస్తావనుకోలేదు నాయనా. సేనె నీదే" అంది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఎంత మురిసిపోయాడంటే, ఊరి పొలిమేర దాకా షాఫ్టు సంగతే మరిచిపోయాడు.

వీధి మలుపులో బండి ఆపించాడు. చెవి పెట్టాడు. రోజూ ఈపాటికి ఫ్యాక్టరీ మూలుగు, దగ్గు, కీచు, ఢక్కుఢక్కు వీధి చివరికి వినబడాలి. ఏమీ లేదు. "అయ్యో, ఆగిపోయింది!" అన్నాడు. ఆ అయ్యోలో ఎంత సంతోషం ఉందో అమ్మణి చూసింది. కూతుర్ని ఇంటి ముందు దించీ దించగానే వీధి దాటి పరుగెత్తాడు.

ఫ్యాక్టరీ ఆగలేదు. నడుస్తోంది. ఊరికే నడుస్తోంది, చప్పుడు చెయ్యకుండా. షాఫ్టు తిన్నగా ఉంది. జిన్ను మరలు దూదిని తెల్లగా కక్కుతున్నాయి. గోడ పక్కన తోపు చక్రం, వడ్ల చక్రం, సున్నం చక్రం, తండ్రి చక్రం, ఫ్యాను చక్రం బొట్లతో సహా వరసగా ఆనించి ఉన్నాయి. వాటికి వీపు ఆనించి ముత్తుసామి కాఫీ తాగుతున్నాడు. దూది మూట మీద సుదర్శన రాజా నిద్రపోతున్నాడు.

స్పానరుతో పొడిచి లేపాడు. "ఏమి చేసినావురా?"

"నువ్వు చెప్పింది సగం దారిలోనే మరిచిపోయినాను బావా" అన్నాడు సుదర్శన రాజా కళ్ళు నులుముకుంటూ. "ఏది ఎందుకో తెలియలేదు. తెలియనిదంతా దించండిరా అన్నాను. అప్పురం ఇంజను ముట్టించినారు, తిరిగింది. క్రూడాయిలు కూడా మిగిలింది, చూడు."

"బొట్టు పెట్టింది దించినావే! ఎవడు చెప్పినాడు దించమని?"

"ఎవడూ చెప్పలేదు. ఎక్కించమని ఎవడు చెప్పినాడో అది కూడా ఎవడికీ గుర్తులేదు."

ముత్తుసామి లేచి, పలక ఉన్నచోటు దిగులుగా చూశాడు. "సామీ, నేను ఇప్పుడు యాడ కూర్చోవాల?" అన్నాడు. ఆ ఒక్కడి దుఃఖమే విజయరాఘవ రాజాకు నచ్చింది.

అప్పుడైనా ఊరుకోవచ్చు. ఇల్లు చేరిన కూతురుంది, రాబోయే మనవడున్నాడు, నడిచే ఫ్యాక్టరీ ఉంది. చేతులు కడుక్కుని హాయిగా కూర్చోవచ్చు. కానీ ఆ నిశ్శబ్దం ఆయన్ని చెంపదెబ్బ కొట్టినట్టయింది. ఇన్నేళ్ళూ తను చేసిందేమిటి మరి? నేరుగా వెంకటరామ రాజా ఇంటికి పోయాడు.

పెద్దాయన అరుగు మీద కూర్చుని మామిడిపండు తింటున్నాడు. సగం చెవుడు. "ఏ చక్రం రా?" అన్నాడు.

"మీ తోపుకు నీళ్ళు తోడే చక్రం, పెద్దన్నా."

"తోపు అమ్మి ఎన్నాళ్ళాయె! దించితే దించనీ. ఏమిప్పుడు?"

విజయరాఘవ రాజా దగ్గరికి జరిగి చెవిలో అరిచాడు. "బొట్టు పెట్టిన చక్రం! దించి గోడకు ఆనించినాడు!"

పెద్దాయన చేతిలో టెంక జారింది. లోపలినుంచి ఆయన భార్య బయటికి వచ్చి మెడలో తాళి కళ్ళకద్దుకుంది. ఇంకేముంది, ఒక గంటలో పంగాళీలంతా చావడిలో కూడారు. నిన్నటిదాకా చక్రాల ఊసే ఎత్తనివాళ్ళు ఈరోజు తండ్రి పోయినంత పని చేశారు. పాపం, ఇంజనీరుగారు ఏం చేస్తారు? పెద్దల మాట. అందరూ బలవంతం చేస్తే ఒప్పుకున్నట్టు ముఖం పెట్టి, తండ్రి చక్రాన్ని స్వయంగా భుజాన మోసుకుంటూ నిచ్చెన ఎక్కాడు. ఆసరా, కుండ, గుగ్గిలం, ఫ్యాను, పలక, ముత్తుసామి, అన్నీ ఒక్కొక్కటే తమ తమ చోట్లకు వచ్చాయి. ఇట్లా దించి ఎక్కిస్తే వదులవుతాయని కొత్తగా ఒక గొలుసు కూడా కట్టాడు.

ఎదురుగా తమ ఇంటి వాకిట్లో నిలబడి అమ్మణి ఇదంతా చూసింది. భోజనాల వేళ అడిగింది. "బాగానే నడిచింది కదా నాయనా. మళ్ళీ ఎందుకు ఎక్కించినావు?"

"నీకు తెలియదమ్మా. పెద్దలు పెట్టింది. తీయకూడదు."

అమ్మణి తల్లి వైపు చూసింది. కమలం మజ్జిగ వంచింది. ఆ తరవాత ఆ పిల్ల ఆ సంగతి ఎత్తలేదు. ఆయన మాత్రం రోజూ సాయంత్రం కుడిచేతి చూపుడువేలిని చింతపండూ బూడిదా పెట్టి తోముకునేవాడు. పెళ్ళినాటి మరక ఆయనకూ గుర్తుంది. మనవడి నాలుక మీద జిడ్డు పడకూడదు. తక్కిన తొమ్మిది వేళ్ళు నల్లగా, ఒక్క వేలు ఎర్రగా ఆ రోజుల్లో ఆయన చెయ్యి చూడ్డానికి వింతగా ఉండేది.

ఒకరోజు పొద్దున ఆయన ఇంజను ముట్టిస్తుండగా షాఫ్టు మామూలుగానే మొండికేసింది. సుత్తితో కొట్టాడు, ఆముదం పోశాడు, ముత్తుసామిని లేపి మళ్ళీ కూర్చోబెట్టాడు. కొత్త గొలుసు పాత బెల్టుకు తగులుకుంది. దాన్ని విప్పి కట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చెమట తుడుచుకుంటూ అన్నానికని వీధి దాటితే, వాకిట్లో మంత్రసాని శంకరియమ్మాళ్ చేతులు కడుక్కుంటోంది.

"మగబిడ్డ సామీ. మీ ముక్కే" అంది.

స్పానరు ఎక్కడ పారేశాడో ఆయనకే తెలియదు. పెరట్లోకి పరుగెత్తి ఆ వేలు మళ్ళీ తోమాడు, గోరు కింద ఈనుపుల్లతో తీశాడు. గొలుసు గిలకతో చేద పైకి రాక, గోడ వెనక పాత చేద కనబడితే దానితోనే తోడుకుని కడుక్కున్నాడు. అది అక్కడ ఎందుకుందని అడిగే తీరిక కూడా లేదు. తడి వేలిని దీపంలా పైకి పట్టుకుని పురిటిగది గడప దగ్గర నిలబడ్డాడు.

"సేనె గిన్నె యాడ?" అన్నాడు.

గదిలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కమలం ఒడిలో బిడ్డ పెదవులు చప్పరిస్తూ నిద్రపోతోంది.

"అయిపోయింది నాయనా" అంది అమ్మణి నీరసంగా. "అమ్మ పెట్టింది."

"నన్ను పిలవకుండానా? వీధి దాటితే ఉన్నానే! ఒక్క కేక వేస్తే చాలునే!"

"పిలవవద్దని నేనే చెప్పినాను."

గుండెలో షాఫ్టు విరిగినట్టయింది. "నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినాను కదమ్మా" అన్నాడు చివరికి. "సేనె నీదే అన్నావే."

"అన్నాను. ఆ రోజు బండిలో మనసారా అన్నాను." అమ్మణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ గొంతు తగ్గలేదు. "ఆ రోజే మళ్ళీ చక్రాలు ఎక్కించినావు చూడు, అప్పుడు మనసు మార్చుకున్నాను. నీ గుణం వచ్చింటే వీడు బొడ్డు కూడా కోయనిచ్చేవాడు కాదు నాయనా. పెద్దలు పెట్టింది, తీయకూడదు అనేవాడు."

శంకరియమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్ళు ఆ పాటి మర్యాద కూడా పాటించలేదు, పగలబడి నవ్వారు. విజయరాఘవ రాజా గడప పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తోమి తోమి తోలు లేచిన ఆ ఎర్రని వేలు ఇంకా పైకే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు.

కమలానికి జాలేసింది. ఆమె చెయ్యి చాచి, మంచం కింది నుంచి చిన్న వెండి గిన్నె తీసింది. అడుగున ఒకటి రెండు చుక్కలు మిగిలి ఉన్నాయి.

"ఇదో, మిగిలింది మీరు నాకండి" అంది. "నా చేత్తో కలిపిందే. మీకూ నా బుద్ధి కొంచెం వస్తుందేమో చూస్తాము."

గదిలో నవ్వులు ఆగాయి. ఇన్నేళ్ళలో ఆమె ఆయనతో అంత పెద్ద మాట అనడం ఎవరూ వినలేదు. విజయరాఘవ రాజా గిన్నె అందుకున్నాడు. ఆ వేలితోనే అడుగు తుడిచి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. వీధి అవతల షాఫ్టు మూలుగుతోంది, దగ్గుతోంది.

"ఎట్లుంది?" అంది కమలం.

ఆయన ఇంకోసారి చప్పరించి, బాగా ఆలోచించాడు.

"బాగానే ఉంది" అన్నాడు. "ఇందులో కొంచెం ఏలక్కాయ కూడా వేసింటే..."